ఐదడిగితే మూడు

మనిషి ఎదురుపడితే రాజలింగం ముందు మొహం చూడడు, కాళ్ళు చూస్తాడు. లాలాపేట్‌లో ఇరవై రెండేళ్ళు ఉల్లిగడ్డల హోల్‌సేల్ నడిపినప్పుడు పట్టుకున్న అలవాటది. సరుకు ఎత్తుకెళ్ళేటప్పుడు ఒక మొహం, పైసలు కట్టేటప్పుడు ఇంకో మొహం పెట్టేవాళ్ళను ఆయన వేలల్లో చూశాడు. వాళ్ళ చెప్పులు మాత్రం ఏ రోజు చూసినా ఒకే లెక్క చెప్పేవి. దుకాణం తమ్ముడికి అప్పగించి, తార్నాకలో రెండు గదులు అద్దెకు తీసుకుని డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టి ఆరేళ్ళయినా ఆ అలవాటు పోలేదు.

ఇప్పుడు యూనివర్సిటీ కామర్స్ విభాగంలో, ప్రొఫెసర్ సుజాత గదిలో, ఆయన చూస్తున్న చెప్పులు వీరస్వామివి. ఎడమదానికి రెండు చోట్ల కుట్లు. కుడిదానికి బొటనవేలి దగ్గర సైకిల్ ట్యూబు ముక్క. గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది.

"స్వామన్నా, అన్నగంప కిచెన్స్ కంపెనీల నూటికి డెబ్బై నాలుగు శేర్లు నీ పేరు మీదనే ఉన్నయి కదా?"

"కాగితంల గట్లనే ఉన్నది సారూ."

"మేనేజింగ్ డైరెక్టరువు."

"బోర్డు మీద రాసిన్రు."

"మరి జీతమెంత?"

"పద్దెనిమిది వేలు. ఆదివారం పోతే ఓటీ."

రాజలింగం సుజాత వైపు తిరిగాడు. "మేడం, ఓటీ తీసుకునే ఓనరును నేను ఇదే మొదలు చూసుడు."

సుజాత నవ్వింది గానీ కళ్ళు గడియారం మీదే ఉన్నాయి. నాలుగింటికి ఆమె ఒక నిర్ణయం రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. ఆ సంతకం మీద వారాసిగూడలోని వీరస్వామి ఇల్లు నిలబడి ఉంది.

సంగతి ఇది. వీరస్వామి ముప్పై ఒక్కేళ్ళు హాస్టల్ మెస్సుల్లో వంటమేస్త్రి. ఒకప్పటి మెస్ కాంట్రాక్టరు పరశురాం ఇప్పుడు తొలిసిరి ఫుడ్స్ అనే పెద్ద కంపెనీకి అధిపతి. వచ్చే నెల ఆ కంపెనీ శేర్లు జనానికి అమ్మబోతున్నాడు. రెండేళ్ళ కింద ఆయన వీరస్వామిని పిలిచి, చాయ్ తాగించి, అన్నగంప కిచెన్స్ అని ఇంకో కంపెనీ పెట్టించి, దాదాపు ముప్పావు వంతు శేర్లు ఈయన పేర రాయించాడు. బ్యాంకు అప్పు ఈ చిన్న కంపెనీ పేరు మీద తెచ్చారు. హామీగా వీరస్వామి ఇల్లు పెట్టారు. తొలిసిరికి ఇందులో ఒక్క శేరు కూడా లేదు. అందుకని ఆ అప్పు, ఆ నష్టం పెద్ద కంపెనీ పద్దుల్లో ఎక్కడా కనబడవు. అద్దంలా తళతళలాడే పద్దులు చూపించి శేర్లు అమ్ముకోవచ్చు.

ఈ రెండు కంపెనీల లెక్కలు కలిపి చూపాలా వద్దా అనే తగువులో బ్యాంకు, తొలిసిరి ఇద్దరూ ఒప్పుకున్న నిపుణురాలు సుజాత.

"కలపాలె అని మీరు రాస్తే స్వామన్న ఇల్లు మిగుల్తదా మేడం?"

"అసలు మనిషి పరశురాం అని తేలితే ముందు ఆయన మీదికే పోతం, ఈ ఇంటి జోలికి రాము అని బ్యాంకు రాసిచ్చింది. తేలకపోతే ఎల్లుండి ఇంటికి నోటీసు అంటిస్తరు."

"శేర్లు లేనోడు అసలు మనిషెట్లయితడు?"

"శేర్లు ఎవరివన్నది మొదటి ప్రశ్న, అంతే. కంపెనీని నడిపే నిర్ణయాలు ఎవరివి? వచ్చే లాభం, పోయే నష్టం చివరికి ఎవరికి తగుల్తయి? ఆ నిర్ణయాలతో ఆ లాభనష్టాలను మార్చగలిగేది ఎవరు? ఈ మూడింటికీ ఒకే మనిషి పేరు జవాబైతే, వాని చేతిల ఒక్క ఓటు లేకున్నా కంపెనీ వానిదే. లెక్కలు కలపాల్సిందే."

రాజలింగానికి ఇది కొత్త పాఠం అనిపించలేదు. ఆయన మార్కెట్టులో ఉన్నప్పుడు పక్క దుకాణం బోర్డు మీద ఒకడి పేరు ఉండేది, గల్లాపెట్టె తాళంచెవి ఇంకొకడి మొలతాడుకు ఉండేది. బాకీ వసూలుకు పోయిన ప్రతివాడూ మొలతాడు దగ్గరికే పోయేవాడు. బోర్డును అడిగినవాడు లేడు.

"లాభమంతా సర్వీసు ఛార్జీల పేరు మీద తొలిసిరికే పోతున్నది. ఆ ఒప్పందం నా దగ్గరున్నది," అంది సుజాత. "నిర్ణయాలు ఎవరివన్నది ఒక్కటే తేలాలె. దానికి సాక్ష్యం ఈయన దగ్గరుండె. పొద్దుగాల పోయింది."

వీరస్వామి ఒళ్ళోని సంచీ తెరిచి అట్ట ఊడిన పుస్తకం ఒకటి బల్ల మీద పెట్టాడు. మెస్సుల్లో వాడే ఇండెంటు పుస్తకం. స్టోరునుంచి ఏ సరుకు కావాలన్నా దీంట్లో రాసి, పైచీటీ చింపి పంపాలి. కింద కార్బన్ నకలు ఉండిపోతుంది.

"ముప్పై ఒక్కేళ్ళు చీటీ రాయకుండ ఉప్పు గల్లు ముట్టలేదు సారూ. ఓనరువు అయినవు అన్నా చెయ్యి ఊకోలే. రోజుకొక చీటీ రాసి తొలిసిరి ఆఫీసుకు పంపేది. పరశురాం సారు ఆకుపచ్చ ఇంకుతోని కోసి, నంబరేసి, సంతకం చేసి పంపేటోడు. వచ్చిన చీటీ వచ్చినట్టు తీగెకు గుచ్చేది."

"కోసి అంటే?"

"మెస్సు కాంట్రాక్టులు చేసిన మనిషి గదా. అడిగినంత ఎన్నడన్న ఇచ్చిండా? అంకె చూస్తే కొయ్యకుండ ఉండలేడు."

సుజాత పుస్తకం తిప్పింది. "ఇదిగో, పోయిన బుధవారం. ఫినాయిలు, ఐదు లీటర్లు." ఆమె తల ఎత్తింది. "తన సొంత కంపెనీల ఫినాయిలుకు పర్మిషన్ అడిగిన మేనేజింగ్ డైరెక్టర్. నా సర్వీసుల చూడలే. కానీ ఈ నకళ్ళతోని అడిగినట్టు తెలుస్తది, ఇచ్చింది ఎవరో తెల్వదు. సంతకమున్న పైచీటీలు కావాలె."

"అవి పోతయని ఎవరికి తెలుసు?"

"తప్పు నాదే. చీటీలు ఈ రోజు పదకొండుకు చూస్తనని నిన్న సాయంత్రం ఐదింటికి ఇద్దరికీ మెయిల్ పెట్టిన. అది పద్ధతి."

పద్ధతి తెలిసినవాళ్ళను దోచుకోవడం సులభమని రాజలింగం అనుకున్నాడు గానీ అనలేదు. వీరస్వామి గొంతు తగ్గించి అన్నాడు. "మా ఇంటామె కాశమ్మ పొద్దుగాల్నుంచి గుమ్మంల అడ్డంగ కూసున్నది సారూ. నోటీసు అంటియ్యాలంటే నా ఈపుకు అంటియ్యిన్రి అంటున్నది."

"ఆమె కూసుంటే బ్యాంకు దాటలేదు తియ్," అన్నాడు రాజలింగం. "నాలుగింటి దాకా మిగిలింది నా పని."

అప్పుడే తలుపు తోసుకుని బూట్లు వచ్చాయి. నల్ల తోలు, కొత్తవి, మంచి ధర. కుట్ల సందుల్లో మాత్రం తెల్లటి పొడి. క్లాసురూముల చాక్‌పీసు పొడి అనుకుని రాజలింగం కళ్ళు పైకెత్తాడు. ముఖేష్. కార్పొరేట్ ఇన్వెస్టిగేటర్. హైటెక్ సిటీలో అద్దాల ఆఫీసు, చేతిలో లాప్‌టాప్ బ్యాగు. తొలిసిరి తరఫున వచ్చాడు. ఇంతకు ముందు మూడు కేసుల్లో వీళ్ళిద్దరూ ఎదురుపడ్డారు. రెండు రాజలింగం గెలిచాడు. మూడోదాన్ని ముఖేష్ ఇప్పటికీ గెలిచిన లెక్కలోనే చెప్పుకుంటాడు.

"అరే, ఉల్లిగడ్డల సేటు. మేడం, ఈయనను పెట్టుకున్నరా? కళ్ళల్ల నీళ్ళు తప్ప ఏం రావు."

"నీళ్ళు కోసేటోనికి వస్తయి ముఖేష్ భాయ్. అమ్మేటోనికి రావు."

ముఖేష్ కుర్చీ లాక్కున్నాడు. "స్ట్రెయిట్‌గా పాయింటుకు వస్తా మేడం. పొద్దున తొమ్మిది పదికి ఈ వీరస్వామి తార్నాకల ఉన్న అన్నగంప ఆఫీసుకు పోయిండు. తొమ్మిదింబావు దాటినంక సంచీతోని కిందికి దిగిండు. కింద పిండిగిర్ని ఆమె చూసింది, అడగండి. చీటీలు లేవంటున్నరు. ఎందుకు లేవు? ఉంటే ఈయన చెప్పేది అబద్ధమని తేలేది. సింపుల్. ఆయనే తీసేసిండు."

"నేను పోయేటాల్లకే తీగె ఖాళీగుండె," అన్నాడు వీరస్వామి.

"ప్రూఫ్?"

ముప్పై ఒక్కేళ్ళలో వీరస్వామి అన్నిటికీ చీటీ రాశాడు, దీనికొక్కదానికి రాయలేదు.

"పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా ఎక్కడున్నవ్ స్వామన్నా?" అడిగాడు రాజలింగం.

"లాలాపేట్ కిచెన్ల. హాస్టళ్ళకు ఉప్మా. పద్దెనిమిది మంది పనోళ్ళు ఉన్నరు, నేనే గరిటె పట్టిన."

"ఆఫీసుకు తాళాలెన్ని?"

"రెండు. ఒకటి నాది, ఒకటి తొలిసిరి ఆఫీసుల."

ముఖేష్ నవ్వాడు. "మేనేజ్‌మెంట్ సర్వీసు ఇస్తున్నప్పుడు ఒక తాళం పెట్టుకుంటరు. అందుల ఏమున్నది?"

"ఏమున్నదో పోయి చూసొస్తా," అని వీరస్వామి దగ్గర తాళంచెవి తీసుకుని రాజలింగం లేచాడు. బల్ల కింద పెట్టిన స్టీలు టిఫిన్ క్యారియర్ చేతికి తగిలింది. పొద్దున మల్కాజ్‌గిరిలో ఇంటి నుంచి బయల్దేరుతూ మామిడికాయ తొక్కు నాలుకకు రాసి చూసి, ఆవపిండి తక్కువైందని భార్యతో అన్నాడు. "వాళ్ళు ఇచ్చిందే అంత. నేనిప్పుడు డైరెక్టర్‌ను, ఎట్లపడితే అట్ల మాట్లాడకు," అని భాగ్య ఏదో అన్నది. అప్పటికే ఫోన్లో సుజాత కేసు చెబుతోంది. భాగ్య మాటను ఆయన పరాచికాల ఖాతాలో వేసి మెట్లు దిగేశాడు.

*

అన్నగంప కిచెన్స్ రిజిస్టర్డ్ ఆఫీసు తార్నాకలో ఒక పిండిగిర్ని పైన. ఒకటే గది. రాజలింగం చేరేసరికి పన్నెండుంబావు. మెట్ల మీద, తలకు తువ్వాలు చుట్టుకుని, నెత్తి నుంచి పాదాల దాకా తెల్లగా ఒకామె కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది. పేరు నవత. గిర్ని ఆమెదే.

"కరెంటెప్పుడు పోయిందమ్మా?"

"ఎనిమిది నలభై ఐదుకు. ఇంగ రాలే. మీరు కరెంటాఫీసోళ్ళా?"

"కాదు."

"అయితే జరుగున్రి, గాలికి అడ్డమొస్తున్నరు."

రాజలింగం జరిగి, ఒక మెట్టు కింద కూర్చున్నాడు. "గిర్ని ఎన్నింటికి మొదలువెట్టినవ్?"

"ఏడున్నరకు. జొన్నలు ఆడించిన."

"అప్పుడు పైకి ఎవరన్న పోయిన్రా?"

"గిర్ని నడిస్తే నా పక్కన పెండ్లి బ్యాండు పోయినా నాకు తెల్వదన్నా. మెట్లు పక్కకున్నయి, లోపలికెళ్ళి కనవడయి. కరెంటు పోయినంకనే గీడొచ్చి కూసున్న. అప్పటి సంది స్వామి పెద్దనాయిన ఒక్కడే ఎక్కిండు, దిగిండు. గదే ఆ బూట్లాయనకు చెప్పిన."

"బూట్లాయన ఎప్పుడడిగిండు?"

"పదింటికి. అడిగి, కాళ్ళు దులుపుకుంట పోయిండు. గీడికి రాంగనే దులుపుకుంటున్నడు, మెట్టు కూడ ఎక్కలే."

రాజలింగం ఆ మాటను మడిచి లోపలి జేబులో పెట్టుకున్నట్టు గుర్తు పెట్టుకుని పైకెక్కాడు.

తాళం చక్కగా ఉంది. గీత పడలేదు. లోపల మేనేజింగ్ డైరెక్టరు కుర్చీకి కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. రెండేళ్ళలో అందులో ఎవరూ కూర్చోలేదు. పక్కన ముక్కాలి పీట మాత్రం నున్నగా అరిగింది. వీరస్వామి కూర్చునేది దాని మీద.

గోడకు మేకు, మేకుకు తీగె. కింద గుండ్రటి చెక్కబిళ్ళ, పైన కొక్కెంలా వంచిన మొన. రాజలింగం దుకాణంలో ఇలాంటివి నాలుగు ఉండేవి. చీటీలు గుచ్చడం ఎవరికైనా వస్తుంది. తియ్యడం మాత్రం రోజూ వాడేవాడికే వస్తుంది. మేకు మీంచి తీగెను దించి, కొక్కెం తిప్పి, ఒక్కో చీటీని పైకి జరుపుతూ తియ్యాలి. తెలియనివాడు కట్టను గుప్పెట్లో పట్టుకుని లాగుతాడు. అప్పుడు చిల్లుల దగ్గర చిరిగి ముక్కలు రాలతాయి.

తీగె కింద నేల మీద ముక్కలు రాలి ఉన్నాయి. గోరంత కాగితం ముక్కలు తొమ్మిది. ఒకదాని అంచున ఆకుపచ్చ గీత.

ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కిటికీ కింద గిర్ని గొట్టం ఉంది. అది నడిచినంతసేపూ ఈ గదిలో సన్నగా పిండి కురుస్తుంది. ముక్కల మీద పలచగా జొన్నపిండి పొర. ఫోన్లో ఫోటో తీసి, జేబులోని అగ్గిపుల్లతో ఒక ముక్కను లేపాడు. దాని కింద నేల మీద కూడా పిండి పొర ఉంది. ఇంకొకటి లేపాడు. అదే.

వీరస్వామి రోజూ సాయంత్రం ఆరింటికి గది ఊడ్చి తాళం వేస్తాడు. వంటిల్లు ఊడ్చిన చెయ్యి ఊరుకోదు. కాబట్టి ఈ పిండి ఈ రోజుది. ముక్క కింద పిండి ఉందంటే గిర్ని మొదలైన తర్వాత చిరిగింది. ముక్క మీద పిండి ఉందంటే గిర్ని ఆగకముందే చిరిగింది. ఏడున్నరకూ ఎనిమిది నలభై ఐదుకూ మధ్య. ఆ సమయానికి వీరస్వామి లాలాపేట్‌లో పద్దెనిమిది మంది ఎదుట ఉప్మా కలుపుతున్నాడు. తొమ్మిది పదికి ఆయన ఎక్కింది ఖాళీ తీగెను చూడటానికే.

నాలుగో ఫోటో తీస్తుండగా కింద గుర్రుమని గిర్ని లేచింది. కరెంటు వచ్చింది. కిటికీలోంచి కొత్త పిండి గదిలోకి తేలుతూ వచ్చింది. ఇంకో పావుగంటలో పొద్దుటి పిండి, మధ్యాహ్నం పిండి కలిసిపోయి సాక్ష్యం రొట్టెలకు తప్ప పనికిరాదు. రాజలింగం క్యారియర్ మూత ఊడదీసి ముక్కల మీద బోర్లించాడు. లోపలి గిన్నెలోంచి మామిడికాయ తొక్కు వాసన గుప్పుమంది.

కిందికి దిగి చూసుకుంటే తన చెప్పుల కుట్ల సందుల్లో తెల్లటి పొడి. వేలితో తీసి వాసన చూశాడు. ఇలాంటి పొడి ఈ రోజు ఇంతకు ముందే ఎక్కడో చూశాడు. అది చాక్‌పీసు కాదు.

*

మూడు పదికి సుజాత గదిలో మళ్ళీ నలుగురూ కూర్చున్నారు. బల్ల మీద ఫోటోలు, కాగితంలో మడిచిన ముక్కలు, ఇండెంటు పుస్తకం. రాజలింగం పిండి లెక్క చెప్పడం ముగించాడు. సుజాత ఫోటోలను రెండుసార్లు చూసింది.

"వీరస్వామి తియ్యలేదన్నది తేలింది," అంది. "కానీ చీటీలు లేవు కదా. ఆకుపచ్చ గీత ఒక్కటి పెట్టి నేను ఏం రాయాలె?"

ముఖేష్ కాలు మీద కాలు వేసుకున్నాడు. "ఎగ్జాక్ట్లీ మేడం. సరే, ఈయన తియ్యలేదు, ఎలుకలు తిన్నయి అనుకుందాం. ఉన్నా ఏమైతుండె? కంట్రోల్ అంటే పెద్ద నిర్ణయాలు. ధరలు, మనుషులు, అప్పులు. మీ స్టూడెంట్లకు మీరే చెప్తరు. మూడు లీటర్ల ఫినాయిలు చూసి రెండు కంపెనీల లెక్కలు కలుపుతరా?"

సుజాత నిట్టూర్చింది. ఆ మాటలో న్యాయం ఉంది. రాజలింగం మాత్రం క్యారియర్ మూత తుడుచుకుంటూ నెమ్మదిగా అన్నాడు.

"ఎన్ని లీటర్లు భాయ్?"

"ఏంది?"

"ఫినాయిలు."

"మూడు. ఏం, ఇప్పుడు ఫినాయిలు వ్యాపారం పెడ్తవా?"

"మేడం, పుస్తకం చూడున్రి."

సుజాత పేజీ తిప్పింది. ఆమె వేలు ఒక చోట ఆగింది. "ఐదు. నకలుల ఐదు లీటర్లున్నది."

"ఐదు స్వామన్న అడిగింది," అన్నాడు రాజలింగం. "మూడని ఎక్కడ రాసుంటది? ఆకుపచ్చ ఇంకుతోని కోసి పంపిన పైచీటీ మీద రాసుంటది. ఆ చీటీ తీగెకు ఉండె. పొద్దుగాల తీగె మీదికెళ్ళి పోయింది. దాన్ని చూడకుండ మూడని నీకెట్ల తెలిసింది?"

"ఎవరో అన్నరు. నువ్వే అన్నవ్."

"నాకే తెల్వదు గదా అనడానికి."

"మూడే సారూ," అన్నాడు వీరస్వామి హఠాత్తుగా, కళ్ళు మెరుస్తుండగా. "గిప్పుడు యాదికొచ్చింది. మూడే ఇచ్చిన్రు. సాలకపోతే రెండు లీటర్లు నా పైసలు పెట్టి కొన్న. కాశమ్మ తిట్టింది."

ముఖేష్ లాప్‌టాప్ బ్యాగును ఒళ్ళోకి లాక్కున్నాడు. రాజలింగానికి కావలసింది ఆ కదలికే.

"పదింటికి గిర్ని కాడికి పోయినవ్. నువ్వు ఆడికి పోంగనే బూట్లు దులుపుకుంటున్నవని నవత చెప్పింది. మెట్టు ఎక్కకముందే బూట్లకు పిండెట్ల అంటింది? ఎనిమిదింటప్పుడు తొలిసిరి తాళంచెవితోని ఒకసారి ఎక్కి దిగినవ్ కాబట్టి. దులిపినవ్ గానీ కుట్ల సందులు దులపలే."

"ప్రూవ్ చెయ్. చీటీలు ఏవి? కాలబెడితే బూడిద, పారేస్తే మూసీ."

"నువ్వు కాలబెట్టవ్. నిన్ను నాకు తెలుసు. మనమిద్దరం వ్యాపారులం. పూర్తి పైసలు ముట్టకుండ సరుకు వదుల్తవా?" రాజలింగం కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "ఒక్క మాట చెప్పు. నువ్వు పంపిన బిల్లును పరశురాం ఎంతకు కోసిండు?"

ముఖేష్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఆకుపచ్చ ఇంకుతోనేనా?"

ముఖేష్ ఒళ్ళోని బ్యాగు వైపు చూస్తూ అన్నాడు. "సగానికి. అడ్వాన్సు కూడ అందులనే పట్టుకున్నడు."

వీరస్వామి జాలిగా తల ఊపాడు. "గంతే బిడ్డా. నూనె కూడ గట్లనే కోస్తడు."

"ఇప్పుడు నీ ముందల రెండు పద్దులున్నయి," అన్నాడు రాజలింగం. "ఒకటి, చీటీలు మేడం చేతికిచ్చి, ఎవరు తెమ్మంటే తెచ్చినవో రాసిస్తవ్. అప్పుడు నువ్వు సాక్షివి. రెండు, బ్యాగు పట్టుకుని లేస్తవ్. నేను పోలీసులకు ఫోను కొడ్త. అప్పుడు నువ్వు దొంగవి. సగం ఫీజుకు ఏది గిట్టుబాటో నువ్వే చూసుకో."

ముఖేష్ లెక్క చూసుకోవడానికి అర నిమిషం పట్టింది. తర్వాత బ్యాగు జిప్పు తీసి, లాప్‌టాప్ వెనక నుంచి చిల్లుల దగ్గర చిరిగిన చీటీల కట్ట బల్ల మీద పెట్టాడు.

"నువ్వు ఉల్లిగడ్డలే అమ్ముకుంటుంటే బాగుండు సేటూ," అన్నాడు.

"ఆడ తూకంల మోసం ఎక్కువ. గీడ నయం."

సుజాత అప్పటికే చీటీలు పరుస్తోంది. ఆమె గొంతు మొదటిసారి తేలికపడింది. "ప్లేటు రేటు అరవై అయిదు చెయ్యమని అడిగిండు, యాభై ఎనిమిది అని కోసిన్రు. నలుగురు పనోళ్ళు కావాలన్నడు, ఇద్దరు అని కోసిన్రు. బియ్యం షాపు మార్చుకుంటనన్నడు, వద్దని రాసిన్రు. ఇదిగో, బ్యాంకు అప్పు పెంచమని పైనుంచే ఆర్డరు. ధరలు, మనుషులు, అప్పు. ముఖేష్ గారూ, పెద్ద నిర్ణయాలు అన్నరు కదా."

మూడు యాభై రెండుకు ఆమె కలం మూత పెట్టింది. ఎక్కువ ఓట్లు వీరస్వామివి, నిర్ణయాలన్నీ తొలిసిరివి, లాభం తొలిసిరిదే, కాబట్టి రెండు కంపెనీల లెక్కలు కలిపే చూపాలి అని రాసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి బ్యాంకుకు, తొలిసిరికి ఒకేసారి పంపింది. పద్ధతి పద్ధతే. వీరస్వామి ఇంటికి ఫోను చేశాడు. "కాశమ్మా, గుమ్మంలకెళ్ళి లే. లేచి అన్నం తిను," అన్నాడు. ముఖేష్ కిటికీ దగ్గర నిలబడి తన వాంగ్మూలం రాస్తూ, ఇది సాక్షిగా రాస్తున్నానని మొదటి వాక్యంలోనే రెండుసార్లు గుర్తు చేశాడు.

రాజలింగం చీటీలను తేదీల వరసలో పేర్చి దారంతో కట్టబోతున్నాడు. కట్ట కట్టేముందు అంకెలు సరిచూసుకోవడం పాత అలవాటు. ప్రతి చీటీ మూల మీద పరశురాం ఆకుపచ్చగా నంబరు వేశాడు, నెల మారగానే మళ్ళీ ఒకటి నుంచి. ఈ నెలలో ఒక రోజుది నూట ఐదు. తర్వాతి రోజుది నూట పన్నెండు. ఆ తర్వాతిది నూట పంతొమ్మిది. నూట ఇరవై ఆరు.

"స్వామన్నా, రోజుకు ఎన్ని చీటీలు పంపుతుంటివి?"

"ఒక్కటే సారూ."

"మరి నంబరు ఏడేడు ఎందుకు దుంకుతున్నది?"

వీరస్వామికి తెలియదు. సుజాత మాత్రం వెంటనే తల ఎత్తింది. రోజుకు ఏడు చీటీలు కోస్తున్నాడంటే, ఒకటి వీరస్వామిది అయితే, మిగిలిన ఆరు ఇంకెవరివి? ఇంకో ఆరు కంపెనీలు. ఆరుగురు వీరస్వాములు. ఆరు ఇళ్ళు.

"వాళ్ళ పేర్లు దొరుకుతయా?" అంది ఆమె.

రాజలింగం మళ్ళీ అన్నీ తిరగేశాడు. నూట ఇరవై ఆరో చీటీ వీపుకు నూనె మరకతో ఇంకో చీటీ అతుక్కుని ఉంది. నంబరు నూట ఇరవై నాలుగు. తొలిసిరి ఆఫీసువాళ్ళు ఒక కంపెనీ చీటీని ఇంకో కంపెనీకి పంపారు. వీరస్వామి వచ్చింది వచ్చినట్టు గుచ్చాడు.

గోటితో మెల్లగా విడదీశాడు. పచ్చళ్ళ కంపెనీ ఒకటి. ఆవాలు, పది కిలోలు. పది మీద ఆకుపచ్చ గీత. పక్కన ఏడు.

కింద డైరెక్టరు సంతకం. గుండ్రటి అక్షరాలు, చివర్లో సాగదీసిన తోక. ముప్పై ఏళ్ళుగా కిరాణా చీటీల మీద ఆయన చూస్తున్న చేతిరాత.

రాజలింగం నోటిలో పొద్దుటి తొక్కు రుచి మళ్ళీ తిరిగింది. లోకంలో అందరి చెప్పులూ చూసినవాడు తన గడప దగ్గర విప్పిన చెప్పుల జత ఒక్కటి చూడలేదు.

జేబులో ఫోను మోగింది. భాగ్య.

"ఇగో, బ్యాంకోళ్ళు ఇద్దరొచ్చిన్రు. మంచోళ్ళే ఉన్నరు. నా పేరు మీదున్న ఇంటి కాగితాలు అసలువి చూస్తరట. బీరువ తాళంచెవి యాడ పెట్టినవ్?"

"నా జేబులున్నది." ఆయన అప్పటికే క్యారియర్ అందుకుని తలుపు దగ్గరికి నడుస్తున్నాడు. "వాళ్ళకు చాయ్ పొయ్యి. మెల్లగ పొయ్యి. నేను ఇరవై నిమిషాలల్ల వస్త. వాళ్ళు ఏ కాగితమిచ్చినా సంతకం మాత్రం చెయ్యకు."

"సంతకమా?" అంది భాగ్య, అవతల కప్పులు సర్దుతున్న చప్పుడు వినిపిస్తుండగా. "అది పోయిన నెలనే చేసిన గదా. పొద్దుగాల డైరెక్టర్‌నని చెప్తే వింటివా?"